ఆముదం తాగిన విమానం

హాలియా వాగుకు అవతల గుంటిపల్లిలో గాలయ్యకు తెలియని ఇంజను లేదు. ఈ మాట ఊళ్లో ఇంకెవరూ అనలేదు, గాలయ్యే అనేవాడు. దొరగారి ఆముదాల మిల్లులో ఆయిల్ ఇంజను నడిపే పని అతనిది. ఇంజను మొరాయిస్తే ఒక కర్ర తెచ్చి, ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస పళ్ల మధ్య బిగించి కళ్లు మూసుకునేవాడు. చూసేవాళ్లు ఊపిరి బిగబట్టేవారు. కాసేపటికి కళ్లు తెరిచి, "దీనికి జర పైత్యం జేసింది" అని తేల్చేవాడు. ఆ తర్వాత దాని నోట్లో గరిటెడు ఆముదం పోసి, పక్కన రెండు తన్నులు తన్నేవాడు. నడిచిందా, గాలయ్య తెలివి. నడవలేదా, దొర కొన్న సరుకు నాసిరకం.

కమ్యూనిస్టుల సంఘం గట్టిపడ్డాక దొర పట్నం పారిపోయాడు. మిల్లుకు తాళం పడింది. గాలయ్యకు ఇంజను పోయింది గానీ ఇంజను కబుర్లు మాత్రం పోలేదు. కల్లు మండువ దగ్గర నలుగురు కూర్చుంటే చాలు, నైజాం రైలింజను కూడా ఒకసారి తన దగ్గరికి చూపించుకోవడానికి వచ్చిందన్నట్టు మాట్లాడేవాడు. భార్య గోపమ్మ మాత్రం, "మా ఇంట్ల కుండకు చిల్లువడితె ఎటు దిక్కు వడ్డదో ఎర్కలేదు, గీయన ఇంజన్ల సంగతి చెప్తడు" అని నలుగురిలోనే అనేసేది. అంటే అన్నది గానీ ఆమెకు మొగుడంటే ప్రాణం. అంతకన్నా కొంచెం ఎక్కువ ప్రాణం తమ్ముడు మైసయ్య.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు, జొన్న కోతలైన రోజుల్లో ఆ మైసయ్య వాళ్ల పెరట్లో చొప్పవామిలో ఉన్నాడు. సంఘంలో తిరిగినవాడు. రజాకార్ల పీడ వదిలిందనుకుంటే ఇండియన్ యూనియన్ మిలిటరీ వచ్చి సంఘం వాళ్లను వెతకడం మొదలుపెట్టింది. పక్క ఊళ్లో వాములను బాయినెట్లతో పొడిచి చూశారని అప్పటికే కబురొచ్చింది. అడవిలో తిరిగి తిరిగి చలిజ్వరం తెచ్చుకున్న మైసయ్యకు ఇక నడిచే ఓపిక లేదు. అక్క వామి మధ్యలో గూడు చేసి దాచింది. వచ్చిన చిక్కల్లా చలి పుట్టినప్పుడే. ఆకు కదలని వేళ కూడా ఆ వామి గజగజ వణికేది. ఇరుగుపొరుగు అడిగితే గోపమ్మ పందికొక్కులని చెప్పేది.

సరిగ్గా అలాంటి రోజుల్లో గుంటిపల్లి మీదికి విమానం వచ్చింది.

చిన్న విమానం. రెక్కకొకటి చొప్పున రెండు ఇంజన్లు. అడవుల్లో దాగినవాళ్లు లొంగిపోవాలని కాగితాలు చల్లుతూ తిరిగే విమానమది. ఆ రోజు కాగితాలు చల్లలేదు. ఎడమ ఇంజను ఒకసారి గొంతు పెంచుతూ ఒకసారి తగ్గిస్తూ ఉండగా ఊరి మీద రెండు చుట్లు చుట్టి, పోలీసు పటేల్ సోమన్న జొన్న చేన్లో దిగింది. సోమన్న మోకాళ్ల నొప్పులు కూడా మరిచి పరుగెత్తాడు. అతని వెనక ఊరు ఊరంతా పరుగెత్తింది.

విమానంలోంచి ఇద్దరు దిగారు. ఒకడు కోపంగా ఉన్న కుర్ర పైలట్. రెండోవాడు డిసౌజా అనే నడివయసు మిస్త్రీ, బొంబాయివాడు. కిందికి దిగుతూనే నల్లరేగడి దుమ్ము ముక్కుకెక్కి డిసౌజా తుమ్మడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఉన్నంతసేపూ ఆ తుమ్ములు ఆగలేదు, ఆ ముక్కు తెరుచుకోలేదు.

పైలట్ పోలీసు పటేల్ని పిలిచి హిందుస్తానీలో చెప్పాడు. "రేపు పొద్దుటికి బాగైతే ఎగిరిపోతాం. కాకపోతే వైర్‌లెస్ కొడతాను. నల్గొండ నుంచి మిలిటరీ వచ్చి విమానానికి కాపలా ఉంటుంది. ఊళ్లోనే మకాం."

మిలిటరీ మకాం అనగానే చేన్లో మనుషులందరి ముఖాలూ మాడిపోయాయి. కోళ్లున్నవాళ్లకు కోళ్లు గుర్తొచ్చాయి. గాలయ్యకు చొప్పవామి గుర్తొచ్చింది. పక్కనే నిలబడ్డ గోపమ్మ అతని మోచెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది.

"రోజూ చెప్తవు గద ఇంజన్ల ముచ్చట. ఇగ పో. గాడ జేసి చూపెట్టు."

"గది విమానం గదనే!"

"ఇంజనే గద! పోయి గా అయ్యకు ఆసరుండు. రేపటికల్ల గది లేవాలె, నా తమ్ముడు బతకాలె."

గాలయ్యకు జీవితంలో మొదటిసారి ఇంజను దగ్గరికి పోవాలంటే మనసొప్పలేదు. అయినా పోయాడు. పోయి, మిల్లులో నేర్చిన ఉర్దూ అంతా కూడగట్టి, "సాబ్, నేను కూడా మిస్త్రీనే" అన్నాడు. డిసౌజా అతన్ని ఎగాదిగా చూడలేదు, నవ్వలేదు. "రా మిస్త్రీ, ఈ నిచ్చెన పట్టుకో" అన్నాడు. ఇన్నేళ్లలో గాలయ్యను మిస్త్రీ అని ఇంకొకరు పిలవడం అదే మొదలు. నిచ్చెన పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు.

డిసౌజా ముందు పైలట్‌ను అడిగిన ప్రశ్న గాలయ్యకు వింతగా తోచింది. "ఊగింది సూదా, ఇంజనా?" విమానంలో ఒక్కో ఇంజనుకు ఒక్కో గడియారంలాంటిది ఉంటుందట. ఇంజను ఎంత వేగంగా తిరుగుతున్నదీ దాని సూది చూపిస్తుందట. సూదే చెడి ఊగుతుంటే ఇంజనును తిట్టి లాభం లేదు. అందుకని డిసౌజా కుడివైపు గడియారం ఎడమకూ ఎడమవైపుది కుడికీ మార్చి, ఇంజన్లు నడిపి చూశాడు. చేను చుట్టూ నిలబడ్డ జనానికి గాలయ్య దీన్ని విడమరిచి చెప్పాడు.

"ఏం లేదు. నాగలి ఒక దిక్కు గుంజుతాంది. ఎద్దుదా తప్పు, కాడిదా? దాపటెద్దును ఎలపట గడితె తెలుస్తది. గంతే!"

"ఓస్, గిదేనా!" అన్నారు జనం. విమానం మీద వాళ్లకున్న భయం సగం పోయింది.

గడియారాలు మార్చినా ఎడమ ఇంజనే ఊగింది. అంటే సూది మంచిదే. పైగా చెవికే తెలుస్తోంది. కాసేపు కీచుమంటూ పరుగెడుతుంది, కాసేపు నీరసిస్తుంది, మళ్లీ పరుగెడుతుంది. డిసౌజా మూత విప్పి లోపల పిడికిలంత పరికరం చూపించాడు. ముందున్న పంకాను ఒకే వేగంలో పట్టి ఉంచేది అదేనట. ఇంజను నూనె దానిలోకి వెళ్లి దాన్ని ఆడిస్తుంది. నూనెలో మడ్డి చేరి దాని దారి మూసుకుపోయింది. మిల్లు ఇంజనుకూ ఇలాంటిదే ఒకటి ఉండేది, రెండు ఇనుప గుండ్లు గిర్రున తిరుగుతుండేవి. అవి ఎందుకు తిరుగుతాయో గాలయ్యకు ఆనాడు తెలిసింది. ఎప్పటినుంచో తెలిసినట్టే తలాడించాడు.

"దీన్ని కడగాలి. నూనె మొత్తం దింపి వడగట్టాలి. మా దగ్గర వేరే నూనె లేదు. మంచి పెద్ద గిన్నె కావాలి మిస్త్రీ" అన్నాడు డిసౌజా.

గాలయ్య ఇంటికి పరుగెత్తి గోపమ్మ పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి బిందె తెచ్చాడు. డిసౌజా నూనె దింపి, గుడ్డతో వడగట్టి బిందె నింపాడు. చేన్లో దుమ్ము లేస్తోంది గనక బిందెను గాలయ్య ఇంట్లోనే పెట్టించాడు. పెట్టేటప్పుడు పెరటివైపు చూస్తే వామి వణుకుతోంది.

"పందికొక్కులు సాబ్" అన్నాడు గాలయ్య.

డిసౌజా వామిని కాసేపు చూశాడు. రెండు తుమ్ములు తుమ్మాడు. గోపమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లు తాగి చేనుకు వెళ్లిపోయాడు.

ఇక గాలయ్య ఘనకార్యం. మిస్త్రీ అనిపించుకున్నవాడు ఊరికే ఉండగలడా? విమానం నూనె తన ఇంట్లో ఉందని అరుగు మీద కూర్చుని చెప్పుకున్నాడు. ఎవరో అడిగారు, ఆకాశంలో ఎగిరేదాని నూనె గదా, కీళ్లకు మంచిదేనా అని. తెలియదు అనే మాట గాలయ్య నోట పుట్టలేదు. "మంచిదా? గంత బరువు ఇనుమునే లేపుతాంది, నీ మోకాలు లేపదా!" అన్నాడు. ఇక చూడాలి. మొదట పోలీసు పటేల్ సోమన్న ధోవతి ఎత్తుకుని వచ్చాడు. వెనక ముసలమ్మ మారెమ్మ, ఆ వెనక ఊళ్లో కీలున్న ప్రతివాడూ. గాలయ్య ఒక్కొక్కరికీ దోసిట్లో పోస్తూ, ఎలా రుద్దాలో చెబుతూ పొద్దుగూకిందాకా దర్బారు చేశాడు. సోమన్న అరుగు దిగి, నొప్పి సగం పోయిందని ప్రకటించాడు కూడా.

పొద్దున్నే గోపమ్మ లేచి చూస్తే బిందె నడుము దాకా దిగిపోయి ఉంది. మొగుణ్ని ఏమీ అనలేదు. అనే తీరిక లేదు, విమానం వాళ్లు బిందె కోసం వస్తున్నారు. వాళ్ల ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎవరిదైనా గిన్నె మన ఇంటికి వస్తే వట్టిది తిప్పి పంపరు, కొరతగా అసలే పంపరు. కూర వస్తే జొన్నలు, ఏమీ లేకపోతే పిడికెడు ఉప్పయినా వేసి ఇస్తారు. పరాయి ఊరి మనిషి దాచమని ఇచ్చిన నూనె కొరతతో ఇస్తే ఆ ఇంటి ఆడది తలెత్తుకు తిరగగలదా? అటక మీద దీపాలకు దాచిన ఆముదం కుండ దించి, బిందె అంచు దాకా నింపింది. పైన కాస్త తొణికితే కొంగుతో తుడిచింది కూడా. నూనె నూనెలో కలిసింది, గౌరవం దక్కింది.

డిసౌజా ఆ నూనెను ఇంజనులో పోశాడు. పరికరం కడిగి బిగించాడు. పైలట్ లోపల కూర్చుని అద్దాలు మూసి ఇంజన్లు నడిపాడు. ముందు బాగానే తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. కాస్త వేడెక్కాక ఎడమ ఇంజను మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నిన్నటికన్నా అధ్వానం. అమ్మోరు పూనినట్టు అరుస్తుంది, అంతలోనే పడుకుంటుంది. దాంతోపాటు పొగ. చేను నిండా దీపం ఆర్పినప్పటి వాసన వ్యాపించింది.

అది ఆముదం పండే ఊరు. ఆముదం పొగలో పుట్టి ఆముదం పొగలో పెరిగిన జనం. ప్రతి ముక్కూ పసిగట్టింది. వందల ముక్కుల్లో పని చెయ్యనిది ఒక్క డిసౌజా ముక్కు. అవసరమైన ముక్కు కూడా అదే.

గాలయ్య వెనక్కి తిరిగి గోపమ్మను చూశాడు. "బిందెల ఏం బోసినవే?" అని గొణిగాడు.

"నువ్వు పంచింది నేను నింపిన. కొరతతోని ఎట్లిస్త?"

డిసౌజా తల పట్టుకున్నాడు. కడిగిన పరికరం కడిగినట్టే ఉంది, నూనె వడగట్టినదే. ఇంకో రోజు కావాలన్నాడు. పైలట్ ఒప్పుకోలేదు. "రెండో ఇంజను బాగానే ఉంది కదా. పట్నం ఎంత దూరం! ఎక్కు" అన్నాడు. డిసౌజా కాసేపు వాదించి, చివరికి సంచి భుజాన వేసుకుని విమానం ఎక్కాడు.

గాలయ్య లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే చాలు. విమానం పోతుంది, మిలిటరీ రాదు, వామి జోలికి ఎవరూ రారు. గోపమ్మ రెండు చేతులూ జోడించి విమానానికి మొక్కుతోంది. కానీ అది పైకి పోయి ఎక్కడైనా పడితే? తనను మిస్త్రీ అని పిలిచిన మనిషి అందులో ఉన్నాడు. నోరు విప్పితే ఇది కమ్యూనిస్టుల పనంటారు. ఊరు సోదా చేస్తారు. వామిని పొడుస్తారు. అన్నేళ్లుగా లేనివన్నీ చెప్పినప్పుడు తడబడని గాలయ్య నాలుక, ఒక్క నిజం చెప్పవలసి వచ్చేసరికి పిడచకట్టుకుపోయింది.

నాలుక లేవకపోతే కాళ్లు లేచాయి. విమానం ముందుకెళ్లి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. పైలట్ ఇంజన్లు ఆపి, తిట్టుకుంటూ దిగాడు. వెనకే డిసౌజా దిగాడు.

"దాంట్ల ఆముదం ఉన్నది సాబ్. నేనే పోసిన" అని తనకొచ్చిన ఉర్దూలో చెప్పాడు గాలయ్య.

పైలట్ చెయ్యి నడుముకున్న పిస్తోలు మీదికి పోయింది. "కమ్యూనిస్టువా? ఎవరు చెయ్యమన్నారు? ఈ ఊరంతా సోదా చేయిస్తాను!"

అప్పుడు గోపమ్మ ముందుకొచ్చింది. గొంతు ఏమాత్రం తగ్గలేదు. "గాయన కాదు, పోసింది నేను. గీయనకు ఇంట్ల ఆముదం కుండ ఏడున్నదో గూడ ఎర్కలేదు. చెప్పు వాళ్లకు! గిన్నె కొరతతోని ఇయ్యొద్దని పోసిన. మీ ఇండ్లల్ల ఇస్తరేమో, మా ఇండ్లల్ల ఇయ్యం. చెప్పు, ఏం మింగకుండ చెప్పు!"

గాలయ్య ఏమీ మింగకుండా ఉర్దూలోకి మార్చి చెప్పాడు. ఇంట్లో కుండ ఎక్కడుందో తనకు తెలియదన్న మాటతో సహా.

"మరి తగ్గిన నూనె ఏమైంది?" అని అడిగాడు డిసౌజా.

గాలయ్య తల దించుకున్నాడు. "మోకాళ్లకు పంచిన సాబ్."

డిసౌజా పోలీసు పటేల్ వైపు తిరిగి, ధోవతి ఎత్తమని సైగ చేశాడు. సోమన్న సిగ్గుపడుతూ ఎత్తాడు. మోకాళ్లు రెండూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. పక్కవాణ్ని ఎత్తమన్నాడు. ఆ పక్కవాణ్ని. మారెమ్మ అడక్కుండానే చీర కుచ్చెళ్లు పైకి లాగి, "నాకింక తగ్గలే బిడ్డా, జర ఇంకింత ఉంటె పొయ్యి" అంది. చేను గట్టు పొడుగునా వరసగా నల్లమోకాళ్లు. పైలట్ పిస్తోలు మీది చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కుర్రవాడు, ఎంతసేపు ఆపుకుంటాడు? విరగబడి నవ్వాడు. కుట్ర చేసేవాళ్లు ఊరందరి మోకాళ్లకూ రుద్దరని అతనికీ అర్థమైంది. ఈ సంగతి వైర్‌లెస్‌లో చెబితే తన పటాలం జన్మంతా నవ్వుతుందని కూడా అర్థమైంది. సోదా మాట మళ్లీ ఎత్తలేదు.

డిసౌజా మూత విప్పి చూశాడు. రెండు నూనెలు కలిసి వేడికి విరిగి, ముద్దలు కట్టి, పరికరంలోని సన్నదారి మూసేశాయి. అతను ముక్కు తుడుచుకుని, "తప్పు ఆముదానిది కాదు, కలపడానిది" అన్నాడు. "పాతకాలం విమానాలు ఆముదంతోనే ఎగిరాయి. నేను పని నేర్చుకున్నది ఆ పొగలోనే. పెట్రోలుతో లోపలంతా కడిగేస్తాను. మళ్లీ నింపడానికి ఒట్టి ఆముదం కావాలి. పట్నం దాకా పోతే చాలు. ఉంటుందా?"

ఆ ఊళ్లో ఆముదం ఉంటుందా అని అడిగినవాడు అతనొక్కడే. ఇంటికొక చెంబు, ముంత, కుండ కదిలి వచ్చాయి. మిలిటరీ మకాం తప్పుతుందంటే దీపాలు లేకుండా పడుకోవడం ఒక లెక్కా! డిసౌజా మధ్యాహ్నం దాకా కడిగి, నింపి, బిగించాడు. నిచ్చెన గాలయ్యే పట్టుకున్నాడు, ఈసారి ఒక్క ముక్క మాట్లాడకుండా. ఇంజను నడిపితే ఒకే గొంతు. వేడెక్కినా అదే గొంతు. సూది చూసి డిసౌజా బొటనవేలు ఎత్తాడు.

వెళ్లేముందు విమానంలోంచి బిందె తెచ్చి గాలయ్య చేతికిచ్చాడు. పక్కకు లాగి, "మిస్త్రీ, నీ పెరట్లో కూడా ఒకటి ఎక్కువ తక్కువ అవుతోంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చేదుగా ఉంటుంది, మింగించు" అన్నాడు. గాలయ్యకు ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు తలాడించాడు. విమానం గుంటిపల్లి దీపాల పొగ వదులుతూ లేచి, దేవరకొండ గుట్టల వైపు తిరిగి, పట్నం దారి పట్టింది.

బిందె ఇంటికొచ్చాక గోపమ్మ చేతిలో పట్టి ఊపింది. లోపల గలగలమంది. చెయ్యి పెట్టి తీస్తే చిన్న గోధుమరంగు సీసా, నిండా తెల్లటి బిళ్లలు. గాలయ్య ఒకటి నాలుకకు తగిలించుకుని చేదుకు ముఖం వికారంగా పెట్టాడు. హాలియా దవాఖానలో చలిజ్వరానికి ఇచ్చే కొయినా బిళ్లలవే. దంపతులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత పెరట్లోకి చూశారు. గోపమ్మ అక్కడే చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొన్నాళ్లకు వామి వణకడం మానింది. ఇంకొన్నాళ్లకు మైసయ్య దానిలోంచి లేచి నడిచిపోయాడు.

ఆ తర్వాత గాలయ్యను ఊరంతా విమానం గాలయ్య అన్నారు. ముసలివాడయ్యేదాకా ఆ కథ చెప్పాడు. అతని కథలో విమానాన్ని బాగుచేసింది అతనే, డిసౌజా నిచ్చెన పట్టుకున్నాడు. ఆముదం పొయ్యాలన్న ఆలోచన కూడా తనదే. ఒక్కచోట మాత్రం కథ కుంటుపడేది. బిందె తిరిగి ఇచ్చినప్పుడు అందులో ఏముందని ఎవరైనా అడిగితే, "ఏముంటది, వట్టిదే ఇచ్చిండు" అనేవాడు. సర్కారు మందు సంఘం మనిషికి ఇచ్చాడని తెలిస్తే డిసౌజా కొలువు పోతుందని, ఆ మాట ఇంట్లోనే పూడ్చిపెట్టుకున్నారు. గోపమ్మ పళ్లు బిగబట్టి వినేది. పరాయి మనిషి వట్టి గిన్నె తిప్పి ఇచ్చాడన్న నింద ఆమెకు గొంతులో ముల్లులా ఉండేది.

ఏళ్లు గడిచాయి. సంఘం మీది కేసులు ఎత్తేశారు. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టడం మొదలైంది, మైసయ్య అక్కడ పనికి కుదిరాడు. ఒకనాడు పెళ్లాం పిల్లలతో అక్క ఇంటికి వచ్చాడు. అరుగు మీద జనం చేరారు, గాలయ్య కథ ఎత్తుకున్నాడు. బిందె దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ, "వట్టి బిందె నా చేతుల వెట్టి..." అన్నాడు.

లోపల అన్నం వడ్డిస్తున్న గోపమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఇగ చాలు ఆపు! ఎన్నేండ్లు మోపుతవయ్య గా పుణ్యాత్ముని మీద గీ నింద? వట్టిది ఇయ్యలే గాయన." గరిటె మైసయ్య వైపు చూపించింది. "ఇగో, గీ నా తమ్ముణ్ని వెట్టి ఇచ్చిండు."